నీళ్ళ మీద తేలిన రాయి

కొండలను పుట్టించి, వాటి కడుపులో నిప్పు దాచి, ఆ నిప్పుకు హద్దు నియమించిన దేవునికి మొదట స్తోత్రం. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన రోజుల్లో నా గుండెను ఖాళీ కానివ్వని ప్రభువుకు స్తోత్రం. ఈ వయసులో కంటిచూపు తగ్గినా జ్ఞాపకాన్ని తగ్గించకుండా, కుర్చీ వేసి కూర్చోబెట్టి ఈ నాలుగు మాటలు రాయిస్తున్నాడు. మహిమ ఆయనదే. తప్పులుంటే నావి.

పోయిన చలికాలంలో మా సంఘం వాళ్ళు అపొస్తలుడు పౌలు గారు నడిచిన ఊళ్ళన్నీ చూసొచ్చే యాత్ర పెట్టారు. నా పెద్దకొడుకు బలవంతం మీద నేనూ బయలుదేరాను. పౌలు గారు ఖైదీగా ఓడ దిగి, సహోదరుల దగ్గర ఏడు రోజులు ఉన్న, ఇటలీలోని పొతియొలీ రేవు చూపించారు. అక్కడి నుంచి బస్సులో ఇంకొంచెం దూరం తీసుకెళ్ళి, కొండ కింద బూడిదలో కప్పబడిపోయి మళ్ళీ తవ్వి తీసిన ఊరు చూపించారు. పౌలు గారు ఆ రేవులో దిగిన కొన్నేళ్ళకే ఆ కొండ పేలిందట. పగలే చీకటి కమ్మి, ముందు తేలిక రాళ్ళు వానలా కురిసి, ఆ తర్వాత వేడి బూడిద వచ్చి ఊరినంతా కప్పేసిందట. బస్సులో మా పాస్టరు గారు మైకు పట్టుకుని మంచి ప్రసంగమే చేశారు. ఫేలిక్సు అనే అధిపతీ అతని భార్య ద్రుసిల్లా పౌలు గారి బోధ విని, భయపడి, సమయం దొరికినప్పుడు మళ్ళీ పిలుస్తాంలే అని పంపేసిన సంగతి మనకు తెలిసిందే. ఆ ద్రుసిల్ల కొడుకూ అతని భార్యా ఈ కొండ నిప్పులోనే పోయారని ఒక పాత చరిత్రకారుడు రాశాడట. "వాయిదా వేసినవాళ్ళ గతి చూశారా!" అన్నారు పాస్టరు గారు. బస్సంతా "ఆమేన్" అంది. నేనూ అన్నాను.

కానీ బస్సు దిగి ఆ వీధుల్లోకి వెళ్ళాక నా కళ్ళు ప్రతి గడప దగ్గరా ఆగిపోయాయి. బండి చక్రాలకు అరిగిన రాతిబాట, దుకాణాల ముందు గట్లు, మూతలేని కుండలు. రొట్టెలు కాల్చే పొయ్యి చూపించారు. పొయ్యిలో పెట్టిన రొట్టెలు పెట్టినట్టే నల్లగా బొగ్గయి దొరికాయట. తర్వాత అద్దాల వెనక మనుషులు. నిజానికి అవి మనుషులు కావు. బూడిద గట్టిపడ్డాక లోపలి ఒళ్ళు కరిగిపోయి, మనిషి ఉన్నచోట మనిషి ఆకారంలో బోలు మిగిలిందట. ఆ బోలులో సున్నం లాంటిది పోసి తీస్తే ఈ బొమ్మలు వచ్చాయట. అంటే అక్కడ కనిపిస్తున్నది మనిషి లేకపోవడమే. ఒక ఆకారం మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులతో ముఖం మూసుకుని కూర్చుంది. ఆ కూర్చున్న తీరు నేనెరుగుదును. మావాళ్ళందరూ ముందుకు వెళ్ళిపోయినా నేను అక్కడే నిలబడిపోయాను. ఎన్నాళ్ళుగానో తలచుకోని, కువైట్‌లోని రుమైథియా ఇల్లు వచ్చి నా ముందు నిలబడింది.

నేను పెళ్ళికి ముందే కువైట్ వెళ్ళాను. రాజోలు దగ్గర మా పల్లె నుంచి అప్పటికే చాలామంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి వెళ్ళేవాళ్ళు. నాకు రుమైథియాలో ఒక పెద్దింట్లో పని దొరికింది. ఇంటి యజమానురాలిని అక్కడ అందరం మామా అని పిలుస్తాం. ఆమె అత్తగారిని నేను పెద్దమామా అనేదాన్ని. ఆ ఇంటి పొద్దు పెద్దమామాతోనే మొదలయ్యేది. తెల్లవారుజామున నమాజు చేసుకుని, ఏలకులు వేసిన టీ తాగి, ఇంట్లో మూలమూలకీ సాంబ్రాణి పొగ తిప్పించేది. ఆ పొగ వాసన, కుంకుమపువ్వు కలిపిన నీళ్ళ వాసన, వీధి చివర పొయ్యి నుంచి వేడివేడిగా తెచ్చిన రొట్టె వాసన కలిసి ఇల్లంతా ఒక దుప్పటిలా పరచుకునేవి. ఆ తర్వాత ఆమె వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపేది. నేను బేసిన్‌లో నీళ్ళు పోసి మడమలు రుద్దాలి. రుద్దడానికి ఒక బూడిదరంగు రాయి ఉండేది. నిండా చిల్లులు, అరచేతిలో పెడితే బరువే ఉండదు. నీళ్ళలో వేస్తే మునగదు.

మొదటిసారి అది తేలడం చూసి నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పెద్దమామా పళ్ళులేని నోటితో నవ్వి, "భయపడకు బింతీ. ఇది కొండ కక్కిన రాయి. నా కొడుకు ఇటలీ నుంచి తెచ్చాడు. ఒక ఊరిని తినేసిన కొండ అది" అంది. బింతీ అంటే అమ్మాయీ అని. ఇద్దరం మాట్లాడుకునేది వంటింటి అరబ్బీ. సగం మాటలు, సగం చేతులు. ఊరంతా బూడిదలో పోయిందంటే, ఆకాశం నుంచి గంధకం కురిసిన ఊళ్ళ సంగతి మా గ్రంథంలోనూ ఉందన్నాను. మా దాంట్లోనూ ఉందంది. వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైన ఆడమనిషి సంగతి చెప్పాను. పెద్దమామా రాయిని వేలితో నీళ్ళలో తోస్తూ, "తన ఇల్లు కదా, చూడదా మరి?" అంది. నాకు అప్పట్లో ఆ మాట తప్పనిపించింది. జవాబు చెప్పే అరబ్బీ లేక మళ్ళీ మడమలు రుద్దడం మొదలుపెట్టాను.

శుక్రవారం పూట సగంరోజు సెలవు. అక్కడి ఆడవాళ్ళు పైన వేసుకునే నల్ల అబాయా కింద తెల్లచీర కట్టుకుని, బ్నీద్ అల్ గార్ పేటలో సువార్తక్క ఉండే ఫ్లాటుకు వెళ్ళేదాన్ని. సువార్తక్కది మా పక్కూరే. ఆస్పత్రిలో ఆయా. ఆమె భర్త యోహానన్న ఒక కంపెనీలో డ్రైవరు. వాళ్ళ ముందుగదిలో చాప పరిచి మేమంతా ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆడవాళ్ళందరికీ తెల్లచీరలే. గడప బయట చెప్పులు వరసగా విడిచి లోపలికి వెళ్ళడం మా పద్ధతి. ఆ గదిలో మేము ఎక్కువగా ధ్యానించింది ప్రభువు రాకడ గురించి, ఆయన మళ్ళీ వచ్చి తనవాళ్ళను ఆకాశంలోకి ఎత్తుకుపోయే దినం గురించి. ఇద్దరు తిరగలి విసురుతుంటే ఒకతె ఎత్తబడుతుంది, ఒకతె విడవబడుతుంది. పిండి కలుపుతూ, గిన్నెలు తోముతూ మేము అదే ఆలోచించుకునేవాళ్ళం. చేతిలో పని చేతిలోనే ఉండగా పిలుపు వస్తుందని.

ఆ ఎండాకాలం మామా, ఆమె భర్త బాబా, పిల్లలు ఇటలీ వెళ్ళారు. పెద్దమామా మోకాళ్ళు నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. ఒకరోజు పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళ మామా ఫోను చేసింది. ఆ రాళ్ళ కొండ దగ్గరే ఉన్నామనీ, రేపు పొద్దున్నే పిల్లలకు ఆ పూడిపోయిన ఊరు చూపిస్తామనీ చెప్పింది. "ఇంకో రాయి పట్టుకురమ్మను, ఇది అరిగిపోయింది" అని పెద్దమామా నవ్వింది. మర్నాడు తెల్లవారకముందే ఇరాక్ సైన్యం వచ్చింది. పిడుగులనుకున్నాను. ఎండాకాలం పిడుగులేమిటని కిటికీ తీస్తే ఎటుచూసినా పొగ. రేడియోలో ఒక గొంతు ఏడుస్తున్నట్టు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది.

ఆ తర్వాతి వారాలు నేను మాటల్లో చెప్పలేను. యుద్ధమంటే చప్పుడనుకుంటాం. నాకు గుర్తున్నది నిశ్శబ్దం. మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు సెలవులకు వెళ్ళి ఉన్నారు, మిగతావాళ్ళు కార్లలో సౌదీ వైపు వెళ్ళిపోయారు. ఎదురింటి తోటలో నీళ్ళ గొట్టం దానంతటదే తిరుగుతూ ఎవరూ లేని గడ్డిని తడిపేది. పక్కింటి వరండాలో ఆరేసిన పిల్లల బట్టలు ఎండకు రంగు పోయి అలాగే ఊగేవి. విదేశాల ఫోన్లు తెగిపోయాయి, ఊళ్ళో ఫోన్లు మోగుతూనే ఉండేవి. మధ్యాహ్నం పూట ఖాళీ ఇంట్లో ఫోను మోగుతుంటే గోడ ఇవతల పెద్దమామా లేచి నిలబడేది. "నా కొడుకు" అనేది. "మనది కాదు పెద్దమామా, పక్కింటిది" అంటే, "పక్కింటివాళ్ళ కొడుకైనా కొడుకే కదా. ఎవరూ తియ్యరేం?" అని ఆ మోత ఆగేదాకా అలాగే నిలబడేది.

మా ఇంటి డ్రైవరు మస్తానన్న రాయచోటి మనిషి. పెద్ద కారు సైనికులు తీసుకుపోయినా, వానెట్టు అని పిలిచే పాత చిన్న ట్రక్కు మిగిలింది. అందులో వెళ్ళి ఎక్కడెక్కడో వెతికి పిండి, పప్పు తెచ్చేవాడు. బస్సుల కబురు తెచ్చింది కూడా అతనే. మన దేశం వాళ్ళని బాస్రా మీదుగా జోర్డాన్ దాకా బస్సుల్లో, అక్కడి నుంచి విమానంలో పంపుతున్నారట.

"ఏం మే మణెమ్మా, పోదామా లేదా?" అన్నాడు. నా పేరు దయామణి. అతనికి మొదట్నుంచీ మణెమ్మే. "ఈడ కూసోని ఏం జేస్తావు? ఆ ముసలామె కదల్దు. నువ్వైతే కదలాల."

"సువార్తక్కని అడిగి చెప్తానన్నా. ఎల్లుండి శుక్రవారమే కదా."

"ఓయబ్బ! దేవుడు జెప్పినా మీ అక్కని అడిగే పోతావు నువ్వు."

శుక్రవారం పొద్దున అబాయా కింద తెల్లచీర కట్టుకుని వానెట్టు ఎక్కాను. దారిలో రెండుచోట్ల సైనికులు ఆపారు. బ్నీద్ అల్ గార్ వీధులు కడిగేసినట్టు ఉన్నాయి. మస్తానన్న కింద ఉండిపోయాడు. నేను మెట్లెక్కాను. పైకి వెళ్తుంటే పాట వినపడాలి. వినపడలేదు. మలుపు తిరిగి చూస్తే గడప ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. సువార్తక్క నీలం చెప్పులు, రూతమ్మ తెగిన పట్టీకి పిన్ను పెట్టుకున్న చెప్పులు, యోహానన్నవి, ఇంకా అందరివీ. తలుపు ఓరగా తీసుంది. "అక్కా" అంటూ లోపలికి అడుగుపెట్టాను.

ఎవరూ లేరు. చాప పరిచి ఉంది. చాప మీద గ్రంథం తెరిచి ఉంది, దాని మీద సువార్తక్క కళ్ళజోడు బోర్లా పెట్టి ఉంది. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది. ఒక పళ్ళెంలో కలిపిన అన్నం, కలిపిన వేళ్ళ గుర్తులతో సహా ఆరిపోయి ఉంది. వరండాలో తీగ మీద తెల్లచీరలు గాలికి లేచి పడుతున్నాయి. వంటింట్లో కుళాయి సన్నగా కారుతోంది. నేను ప్రతి గదీ చూశాను. మంచం కింద కూడా చూశాను. తర్వాత గడప దగ్గరికి వచ్చి ఆ చెప్పుల మధ్య నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది. కాదు, అర్థమైందనుకున్నాను. ప్రభువు వచ్చాడు. తీసుకెళ్ళాడు. ఇన్నేళ్ళు ఏ గదిలో కూర్చుని ఎదురుచూశామో, ఆ గదికే వచ్చి అందర్నీ తీసుకెళ్ళాడు. నేను లేను. నన్ను విడిచిపెట్టాడు.

మా విశ్వాసంలో లేనివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ఆ సంఘంలో పెరిగినవాళ్ళకు తెలుస్తుంది. చావు కంటే పెద్ద భయం అది. చెప్పుల మధ్యనే కూలబడి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, రెండు చేతులతో ముఖం మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే వినేవాడు వచ్చి వెళ్ళిపోయాడు కదా అనిపించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మస్తానన్న పైకి వచ్చాడు.

"ఏంది మే ఇట్ల కూసున్నావు? మీవాళ్ళు యాడికి పోయిరి?"

"ఎత్తబడ్డారన్నా."

"ఎవరెత్తినారు? మిలిట్రీ వాళ్ళా?"

"కాదన్నా. ప్రభువు."

అతను చెప్పులవైపు చూశాడు, తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు, నావైపు చూశాడు. "మే, భయపెట్టగాకు. మరి నేనుండా గదా?" అన్నాడు. నువ్వెలాగూ ఉంటావన్నా అని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. ఆ ఇద్దరం, రాయచోటి ముసల్మానూ రాజోలు విశ్వాసీ, ఆ మెట్ల మీద లోకంలో ఆఖరి ఇద్దరిలా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం.

అప్పుడు కింద ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చింది.

మా బోధలో ఒక మాట ఉంది. ఆ దినాన పాపమెరుగని పసిపిల్లలందరూ ఎత్తబడతారు, ఒక్కరూ మిగలరు. నేను దిగ్గున లేచాను. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి పరుగెత్తాను. కింద కాపలాదారు గదిలో అతని భార్య ఉమ్ సయ్యద్, ఈజిప్టు మనిషి, ఉయ్యాల ఊపుతోంది. నేను అడక్కుండానే బిడ్డను తీసి గుండెకు హత్తుకున్నాను. పాలవాసన, తడిసిన గుడ్డ. బిడ్డ నా అబాయా పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. "దేవుడు ఇంకా రాలేదు, దేవుడు ఇంకా రాలేదు" అని తెలుగులో అంటున్నాను. దేవుడు రాలేదని ఏ విశ్వాసీ అంత సంతోషపడి ఉండదు.

ఉమ్ సయ్యద్ నెమ్మదిగా చెప్పింది. భయంతో అందరూ నిన్నటికే ఇక్కడికి చేరారట, ఉన్నట్టుండి బస్సు వచ్చిందట, ఇప్పుడే ఎక్కితే ఎక్కాలన్నారట. దారిలో ఎడారి నడవాల్సి రావచ్చు, చెప్పులతో ఇసుకలో కాళ్ళు కాలిపోతాయి అన్నారట. యోహానన్న కంపెనీ గోడౌను నుంచి కాన్వాసు బూట్లు తెచ్చి అందరికీ తొడిగించాడట. అందుకే చెప్పులు అలా ఉండిపోయాయి. ఆ ఫ్లాటులో ఫోను లేదు కదా, సువార్తక్క నాకోసం రుమైథియా బయలుదేరితే సైనికులు వెనక్కి పంపేశారట. "ఆదివారం పొద్దున ఇంకో బస్సుంది, మణిని ఎక్కించు అని నీ అక్క ఏడుస్తూ చెప్పి వెళ్ళింది" అంది.

తిరిగి వస్తుంటే మస్తానన్న ఒకటే నవ్వు. "ఎత్తుకోని పాయె అంటివే! నా గుండె ఆగిపాయె గదా." నేనూ నవ్వాను. ఎల్లుండి బస్సు ఎక్కాలనే నిశ్చయించుకున్నాను. ఇంటి గేటు తీసి లోపలికి వెళ్ళాను. వెనక గుమ్మం మెట్టు మీద పెద్దమామా కూర్చుని ఉంది. మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులతో ముఖం మూసుకుని. పక్కన బేసిన్‌లో నీళ్ళు తనే పోసుకున్నట్టుంది, ఆ రాయి తేలుతోంది. నా అడుగులు విని కూడా ముఖం తియ్యలేదు. ఆ వీధిలో అప్పుడు అడుగుల చప్పుడంటే సైనికులే. "పెద్దమామా, నేనే" అన్నాను. చేతులు తీసి నావైపు చూసింది.

"నువ్వూ పోయావనుకున్నా" అంది.

"మావాళ్ళు పోయారు."

"నిన్ను తీసుకెళ్ళలేదా?"

"లేదు పెద్దమామా."

"నన్నూ తీసుకెళ్ళలేదు. మోకాళ్ళు ఒప్పుకోలేదు" అని, కాళ్ళు చాపింది. నేను తెల్లచీర తడవకుండా పైకి దోపుకుని మడమలు రుద్దాను.

బస్సు రోజున మస్తానన్న సంచి సర్దుకుని గేటు దగ్గర హారన్ కొట్టాడు. నేను ఏమీ చెప్పకముందే పెద్దమామా ఒక మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. దారికని ఖర్జూరాలు. వాటి అడుగున ఆ రాయి. "బూట్లు వేసుకో. ఇసుక కాలుతుంది" అంది. మస్తానన్న చెప్పి ఉంటాడు. నేను గేటు దాకా వెళ్ళి ఖర్జూరాలు మస్తానన్నకిచ్చాను, రాయి నా దగ్గరే ఉంచుకున్నాను.

"రావా?" అన్నాడు. "ఆ ముసలామె నీకేమైతాది మే?"

"ఆ మెట్ల మీద నేనెట్టా కూర్చున్నానో చూశావుగా అన్నా. ఆమెకా గతి రాకూడదు."

అతను కళ్ళు తుడుచుకుని బండి తిప్పాడు. క్షేమంగా చేరాడనీ, మా అమ్మకు కబురందించాడనీ చాలా కాలానికి తెలిసింది.

ఆ చలికాలం చివర ఇరాక్ సైనికులు వెళ్ళిపోతూ నూనెబావులు తగలబెట్టారు. ఒకరోజు మధ్యాహ్నం పూట ఆకాశం నల్లబడుతూ నల్లబడుతూ పూర్తిగా మూసుకుపోయింది. పక్షులు గూళ్ళకు చేరాయి. దీపం పెట్టినా దాని వెలుగు గోడదాకా వెళ్ళలేదు. తర్వాత వాన పడింది, నల్లటి జిగట వాన. తీగ మీద ఆరేసిన నా తెల్లచీర మసిగుడ్డయింది. బేసిన్‌లో నీళ్ళ మీద మసి తెట్టు కట్టింది. ఆ తెట్టు మధ్యలో రాయి తేలుతోంది. పెద్దమామా నా చెయ్యి పట్టుకుని, "ఆ ఊళ్ళో కూడా ఇలాగే ఉండి ఉంటుంది కదా?" అంది. ఉండి ఉంటుందన్నాను. "అక్కడ కూడా ఒక ముసలిదీ, ఒక పనిపిల్లా ఉండి ఉంటారు" అంది. అప్పుడు నేను రాకడ గురించి ఆలోచించలేదు. ఆమె చెయ్యి చల్లగా ఉందనీ, దుప్పటి కప్పాలనీ ఆలోచించాను.

యుద్ధం ముగిసి, దారులు తెరిచాక మామావాళ్ళు వచ్చారు. మామా అత్తగారి ఒళ్ళో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది. సైన్యం వచ్చిన రోజు వాళ్ళు ఆ పూడిపోయిన ఊళ్ళో బొగ్గయిన రొట్టెల ముందు నిలబడి, పాపం పొయ్యిలో రొట్టెలు వదిలేసి ఎక్కడికి పోయారోనని అనుకుంటున్నారట. పక్కన ఎవరో రేడియో పెట్టుకుని వింటూ మీరు ఏ దేశం అని అడిగారట.

ఆ రాయి నా దగ్గరే ఉంది. ఇప్పుడు మా స్నానాల గదిలో ఉంటుంది. మనవలు టబ్బులో వేసి పడవంటారు. వాళ్ళ కాలం వేరు. ఫోనులో ప్రతి నిమిషం ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. గడప ముందు చెప్పులు చూసి మనుషుల్ని గుర్తుపట్టే పని వాళ్ళకు లేదు. నేనూ మారాను. బస్సులో పాస్టరు గారితో ఆమేన్ అన్నాను గానీ, అద్దం వెనక ఆ ముడుచుకున్న ఆకారం ముందు నిలబడ్డాక, వాయిదా వేసి పోయిందెవరో, ఎవరి చెయ్యి వదలలేక ఉండిపోయిందెవరో నాకు తెలియదనిపించింది. అది దేవునికే తెలుసు. ప్రభువు రాకడ కోసం ఇప్పటికీ ఎదురుచూస్తాను. అప్పటిలా ఒంటరిగా మిగిలిపోతానన్న భయం మాత్రం లేదు.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఒక్క నిమిషం నాతో కలిసి కళ్ళు మూసుకోండి. తండ్రీ, ఈ పూట ఎక్కడో ఖాళీ అయిన వీధిలో, ఏ గుమ్మం ముందో, ముఖం మూసుకుని కూర్చున్న ప్రాణి ఉంది. ఆమెకు ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించు. ఆమె దగ్గరికి ఎవరినైనా పంపు. అందరూ వెళ్ళిపోయి ఉంటే, మా బూట్లు విప్పించి మమ్మల్ని వెనక్కి పంపు. ఆమేన్ అని మీరూ అనండి.